బిగుసుకున్న దారం

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. వదిన నీకిష్టమైన చేపల పులుసు పెడతానంటోంది.

గనిలో నీ ఉద్యోగం ఇప్పుడు నాది. నువ్వు నేర్పినట్టే, పైగట్టు మీద పగులుకు అటూ ఇటూ కొయ్యలు పాతి, పగులు వెడల్పైతే తెలిసేట్టు మధ్యన దారం వదులుగా కట్టాను. రాత్రంతా వాన కురిసింది. పొద్దున చూస్తే దారం బిగుసుకుపోయి ఉంది. వేలితో తాకాను, పుటుక్కున తెగింది. విజిల్ ఊది, కింద బొగ్గు తీస్తున్న వాళ్లందర్నీ పైకి రప్పించాను.

సాయంత్రం దాకా చూశాం. గట్టు కూలలేదు.

"ఏంది తమ్మీ, మీ అన్న లెక్కనే భయపెడుతున్నవ్? రేపు నువ్వే ముందుగాల దిగాలె" అని బొగ్గు తవ్వే షావెల్ యంత్రం నడిపే యాదగిరి నవ్వాడు. అందరూ నవ్వారు.

పోయినేడు నువ్వు అందర్నీ పైకి రప్పించాక గట్టు కూలకపోతే, నిన్నూ ఇలాగే అన్నారు కదా. మర్నాడు నువ్వు రోషంతో అందరికంటే ముందు దిగావు. మధ్యాహ్నానికల్లా గట్టు నీ మీద పడింది.

నాకూ రోషం ఉందన్నా. అదే నా భయం. కింద ఎవరూ లేని ఈ పూటే ఆ గట్టు కూలిపోవాలని మొక్కుకుని, గని వైపు చెవి పెట్టి గడపలో కూర్చున్నాను.

ఇంకా చప్పుడు రాలేదు.

నీ తమ్ముడు