ఎడమ పక్క నల్ల చుక్క

కోపెన్‌హాగెన్, 1861

జూన్ 9
ప్రొఫెసర్ స్టాఫెల్ట్ స్వయంగా గాజు జాడీ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. లోపల విల్లో కొమ్మ, దాని మీద ఒక్క గొంగళిపురుగు. కొత్త జాతి అట. ఇదిగో థోరా, పురుగు, గూడు, సీతాకోకచిలుక, మూడూ పుస్తకంలో ఒకే బొమ్మల ప్లేట్ మీద రావాలి, అన్నీ ప్రాణంతో ఉన్నప్పుడే చూసి గియ్యి, ఈసారి కింద నీ పేరు వేయిస్తాను అన్నారు. పదకొండేళ్లుగా ఆయన పుస్తకాలకు గీస్తున్నాను. ఒక్క బొమ్మ కిందా నా పేరు లేదు.

జూన్ 11
పొద్దుటి నుంచీ కదలకుండా గీశాను. పురుగు చచ్చిందంటే గంటలో ఆకుపచ్చ కాస్తా గోధుమరంగుకి దిగిపోతుంది, ఆగేందుకు లేదు. ఎడమ పక్క, వీపు కిందుగా, ఆవగింజలో సగం కూడా లేని నల్ల చుక్క. అదీ వేశాను. అక్క మెట్టా రొట్టె తెచ్చిపెట్టి, ఏమే, ఆ పురుగుని చూసినట్టు ఏ మగాణ్నైనా చూసి ఉంటే ఈపాటికి నీ పెళ్లి అయిపోయేది కదే అని నవ్వింది.

జూన్ 19
గూడు కట్టింది. అదీ గీశాను.

జూలై 2
ప్రొఫెసర్ శాస్త్రజ్ఞుల సభలో వ్యాసం చదివారు. నేను వేసిన చుక్కే ఈ జాతికి గుర్తు అని ప్రకటించారట. పేరు కూడా చుక్కను బట్టే పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారట. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

జూలై 20, ఉదయం 10
గూటికి గుండ్రటి కన్నం. జాడీలో సన్నటి నల్ల కందిరీగ. సీతాకోకచిలుక లేదు.

అదే రోజు, 11
అయ్యో, నా ఖర్మ. ఆ చుక్క గుర్తు కాదు. కందిరీగ పొడిచి గుడ్డు పెట్టిన గాయం. దాని పిల్ల లోపలే పురుగుని తినేసి, రెక్కలొచ్చి బయటపడింది. మా పనిలో పురుగుని ఎప్పుడూ ఎడమ పక్క నుంచే గీస్తాం. ఒక్కసారి కుడి పక్కకు తిప్పి చూసి ఉంటే, జాతి గుర్తైతే రెండు పక్కలా ఉండాలి కదా, అక్కడ చుక్క లేదని తెలిసేది. తిప్పలేదు. నేనే తిప్పలేదు!

జూలై 21
వెళ్లి చెప్పేశాను. ప్రొఫెసర్ ముఖం మాడిపోయింది. జాడీ మూత సరిగ్గా పెట్టి ఉండవు, బయటి నుంచి దూరి ఉంటుంది అన్నారు. కాదండీ అన్నాను. నా పెట్టెలో పేరు లేని పాత సీతాకోకచిలుక ఒకటుంది, అదే దీనిది అనుకుని గీసెయ్, నోరు మూసుకో, లేదంటే గీసేవాళ్లు ఊళ్లో బోలెడుమంది అన్నారు.

జూలై 24
గీయను.

జూలై 29
మెట్టా అడిగింది, పదకొండేళ్లు ఎదురుచూసింది ఇందుకేనా, ఎవరు చూడొచ్చారే అని. ఏడ్చాను. బతికుండగా ఎన్నడూ చూడని రెక్కలకు రంగులు వేశాను. సిగ్గుగా ఉంది. అయినా వేశాను.

అక్టోబర్ 3
ప్లేట్ అచ్చయి వచ్చింది. రెండు వందల కాపీలు. కింద చక్కటి అక్షరాల్లో థోరా విలుమ్‌సన్.
నా కాపీ మీద పేరును కత్తితో గీకేశాను. చుక్క ఉంచాను. దాన్ని నేను నిజంగానే చూశాను.