గంజి పోసిన తీగ

2007 అక్టోబర్ 4

సింధు నోట్‌బుక్‌లో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటాయి. దిద్దే నా బిడ్డ లేదు.

సింధు కామెర్లతో పోయి ఇవాళ్టికి నలభై రోజులు. హాస్టల్‌లో దానితో ఉన్న మానస ట్రంకు పెట్టె తెచ్చిచ్చింది. ఒక చిన్న కుండీ కూడా. హైదరాబాద్ నుంచి గద్వాల దాకా బస్సులో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వచ్చిందట. దారానికి పచ్చ పూసలు గుచ్చినట్టున్న తీగలు కిందికి వేలాడుతున్నాయి. పక్కింటి జమ్ములమ్మ చూసి, ఇదేందక్కా, బఠాణీల దండనా, ఉడకేస్తె తినొచ్చా అన్నది. నవ్వొచ్చింది. బిడ్డ పోయాక మొదటిసారి. జమ్ములమ్మ చల్లగుండాలి.

ఇది పూస్తదని, పూస్తె బగారా అన్నం వాసనొస్తదని సింధు హాస్టల్ అంతా పందెం కాసేదట. ఎవరూ నమ్మలేదట. నేనూ నమ్మలేదు.

అక్టోబర్ 11

కుండీని మగ్గం పక్కన కిటికీలో పెట్టాను. అన్నం వార్చిన గంజి రోజూ ఒక గ్లాసు పోస్తున్నాను. పడుగు పోగులకు బలమిచ్చేది గంజే. ఈ బక్క తీగకు మాత్రం ఇవ్వదా.

అక్టోబర్ 29

పూసలు మెత్తబడి రాలుతున్నాయి. మట్టి పులిసిన వాసన. ఇది కూడా నా చేతుల్లోనే పోతుందా.

అక్టోబర్ 30, మధ్యాహ్నం

ఎస్టీడీ బూత్ నుంచి మానసకు ఫోన్ చేశాను. పెద్దమ్మా, గదేమన్న పడుగా గంజి పెట్టనీకి, దాని నీళ్లు గదే పూసలల్ల దాసుకుంటది, జర ఎండనియ్యి అని తిట్టింది. గట్టిగా ఉన్న ముక్కలు తుంచి ఇసుక కలిపిన మట్టి మీద పరవాలట. నేను ఏడుస్తుంటే, సింధు గూడ ఒకపారి చాయ్ పోసి సంపింది పెద్దమ్మా, ముక్క పెట్టి మల్ల బతికించుకున్నది అన్నది. అప్పుడు ఏడుపు ఆగింది. తల్లీ బిడ్డా ఒక్కటే.

బాగున్నవి నాలుగు ముక్కలే. మా ఆయన నారాయణ బిడ్డ పోయినప్పటి నుంచి మగ్గం గుంటలో దిగలేదు, మాటా లేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు. ట్రంకులోంచి సింధు జడ పిన్నులు తెచ్చి ఒక్కో ముక్కను మట్టికి ఆనించి గుచ్చాడు. చీర కోసినంక పాత పడుగు కొస ఉంచి కొత్త పోగులు అతుకుతం గద, గట్లనే అనుకో అన్నాడు.

నవంబర్ 14

కుండీ మీదికి చెంబు ఎత్తి, మళ్లీ దించాను.

డిసెంబర్ 6

పిన్ను కింద తెల్లటి వేరు. పట్టు పోగంత సన్నం. మా ఆయనను పిలిచాను. వంగి చూశాడు. మధ్యాహ్నం, కండెలు చుట్టు అన్నాడు. మూడు నెలల తర్వాత ఇంట్లో మగ్గం చప్పుడు. మానసకు దండం. చాయ్ పోసి చంపి, మళ్లీ బతికించుకున్న నా బిడ్డకు దండం.

2008 ఆగస్టు 25

ఏడాది. తీగ కిటికీ దాటి దిగింది. జమ్ములమ్మకు ఒక ముక్క ఇచ్చాను. గంజి పోస్తే కొడతానన్నాను.

2009 ఫిబ్రవరి 17

తెల్లారి లేచేసరికి మగ్గం దగ్గర బగారా అన్నం వాసన.

నేను ఇంకా పొయ్యి వెలిగించలేదు.