లావణ్య పట్టుకున్న చెయ్యి

ఆదివారం రాత్రి, జోల్వా

ఈరోజు నా అంత అదృష్టవంతుడు సూరత్ మొత్తంలో ఉండడు! మా అమ్మాయి లావణ్య కెప్టెన్‌గా ఉన్న జట్టు కబడ్డీ ఫైనల్ ఒక్క పాయింటుతో గెలిచింది.

సగం ఆట దాకా ఓడిపోతూనే ఉన్నారు. చేతులు కలిపి గొలుసు కట్టినప్పుడు వాళ్ల జట్టు పిల్ల హేతల్ చెయ్యి వదిలేసింది, రైడర్ తప్పించుకుపోయింది. మిల్లులో సాంచాల, అదే మరమగ్గాల, చప్పుడు మీద అరిచి అలవాటైన గొంతు నాది, గీత బయటి నుంచి గట్టిగా తిట్టాను. మా పెద్దవాడు రమేష్ ఆడిన రోజుల్లోనూ అట్లాగే తిట్టేవాణ్ణి. వాడి జట్టు పిల్లలు ఒకరినొకరు తిట్టుకుని, రోషంతో ఆడి, తర్వాత కలిసి చాయ్ తాగేవారు. హేతల్ మాత్రం నేను తిట్టాక ఎవరి చెయ్యీ పట్టలేదు.

విరామంలో లావణ్య ఉరికొచ్చింది.

"బాపూ, జర ఒర్రుడు బంద్ జెయ్యి! తిడితే మా పోరిలు బిగుసుకపోతరు. తప్పు తర్వాత మాట్లాడుకుంటం, ముందుగాల చెయ్యి పట్టాలె."

తనే హేతల్ పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. చివరి రైడర్‌ను ఆ ఇద్దరే పడగొట్టారు.

గెలిచాక హేతల్ నవ్వుతూ వచ్చి, "కాకా, అబ్ చిల్లావో!" అంది. గొంతు పోయేదాకా అరిచాను.

ఇప్పుడు ఒక్కటే గుచ్చుతోంది. రమేష్‌కు తిట్లే పనిచేస్తాయని అనుకున్నాను. వాణ్ణి ఎన్నడూ అడగలేదు...