సముద్రంలోకి పోయిన చర్చి

నాయనా,

ఇంగ్లండు తూర్పు తీరం నుంచి రాస్తున్నాను! నువ్వు పోయి రేపటికి రెండేళ్లు. అయినా ఈ సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పను?

టీచర్ల ట్రైనింగుకని మా ఆత్మకూరు స్కూలు నుంచి నన్ను పంపారు. ఆదివారం బస్సెక్కి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాం. దారి పొడుగునా పచ్చటి బార్లీ చేలు, గొర్రెలు, గులకరాళ్లతో కట్టిన ఇళ్లు! చివరికి ఒక పల్లెలో రోడ్డు ఉన్నట్టుండి ఆగిపోయింది. కింద సముద్రం. సగం పల్లె, చర్చితో సహా, అందులోకి పోయిందట!

ఆగలేక, ఊరు చూపిస్తున్న ముసలామెను అడిగేశాను: "మీకు బదులు కాలనీ ఎక్కడిచ్చారు?"

"ఎవరిస్తారు? తీసుకున్నది సముద్రం కదా!" అని ఆమె పకపకా నవ్వింది.

సోమశిల డ్యాం నీళ్లలో ఊరు పోగొట్టుకున్నవాళ్లం, మనకు ఇంకే ప్రశ్న తోస్తుంది చెప్పు!

అప్పుడు నీ గురించి చెప్పాను. వేసవిలో నీళ్లు తగ్గి మన పాత చర్చి మెట్లు బయటపడగానే నువ్వు చీపురు పట్టుకుని పోయేవాడివని చెప్పాను. "మళ్లా మునిగిపోయేదానికి ఊడ్చేదేంది?" అని అమ్మ అరిస్తే, "మునిగుండాది గానీ, పోలేదు మే" అనేవాడివని చెప్పాను.

ఈసారి ఆమె నవ్వలేదు. "ఇప్పుడెవరు ఊడుస్తున్నారు?" అంది.

రెండు వేసవులు దాటిపోయాయి, నాయనా. ఎవరూ ఊడ్చలేదు.

వచ్చే నెల ఇంటికొస్తాను. అప్పటికి మెట్లు తేలతాయి. నీ చీపురు తలుపు వెనకే ఉంది. నేను పారేయబోతే అమ్మ పారెయ్యనివ్వలేదు.