ఇరవై లోపు ఒక అంకె

ప్రియమైన చెల్లాయికి,

ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో పెట్టేస్తావు, లేదా నేను పెట్టేస్తాను. అందుకే కాగితం మీద తిడుతున్నాను. చివరిదాకా చదువు.

నీ మేనకోడలి పదిహేనో పుట్టినరోజుకి నువ్వు పంపిన పెట్టె నిన్న అందింది. బరువు చూసి ఏ నిఘంటువో అనుకుని మురిసిపోయాను. విప్పితే ఏముంది? అట్ట మీద రెక్కల భూతం బొమ్మతో ఒక లావుపాటి పుస్తకం, ఖాళీ గళ్ళున్న కాగితాల కట్ట, సంచీడు పాచికలు! పాచికలు, చెల్లాయ్! అందులో ఒకదానికి ఇరవై ముఖాలు. జూదగాళ్ళకే ఆరు ముఖాలు సరిపోతుంటే పదిహేనేళ్ళ పిల్లకి ఇరవై ఎందుకే? పోనీ ఆట పలక ఉందా అంటే లేదు, పావులున్నాయా అంటే అవీ లేవు. "మరెలా ఆడతారే?" అని అడిగితే "మాట్లాడుకుంటూ" అంది. మాట్లాడుకోవడానికి ఎవరైనా పెట్టె కొంటారా?

పాచికలు నా పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాను. అది నన్నేమీ అనలేదు. అసలు నాతో ఏమంటుంది గనక! అడిగితే "సరే", "తెలీదు". అంతకు మించి దాని నోరు పెగలదు.

నీకు తెలియంది కాదు. వాళ్ళమ్మ పోయాక ఈ తొమ్మిదేళ్ళలో ఐదు ఊళ్ళు మారాం. ఎక్కడ మేడలు లేస్తే అక్కడ లిఫ్టులు బిగించడానికి కంపెనీ నన్ను తోలుతుంది. ఈ ఊరొచ్చి ఏడాది నిండలేదు, అప్పుడే మళ్ళీ బదిలీ అంటున్నారు, ఈసారి ప్రమోషన్‌తో. ఆ ఉద్యోగమొస్తే వారానికో సైటు. పిల్లని వెంట తిప్పలేను. అందుకే దూరంగా ఒక మంచి హాస్టల్ స్కూలు చూసి దరఖాస్తు తెచ్చాను. మూడు నెలల్లో దాన్ని అక్కడికి పంపించాలి. ఈ లోపు నువ్విలాంటివి పంపి దాని బుర్ర పాడుచెయ్యకు.

కోపంగా ఉన్న
నీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను, పొంగిపోకు.

పుట్టినరోజు బహుమతి లాక్కుని తాళం వేశావా? నీకు చేతులెలా వచ్చాయి? నా చిన్నప్పుడు నా రంగు పెన్సిళ్ళు అటక మీద దాచావు చూడు, ఆ బుద్ధి నీకింకా పోలేదు.

అది జూదం కాదు మహానుభావా. నాకెలా తెలుసంటావా? మా కళ్ళద్దాల షాపు పైగదిలో ప్రతి శనివారం పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు అయిదారుగురు చేరి కేకలు పెట్టేవాళ్ళు. కింద నేను ఫ్రేములకి చీమ తలకాయంత మరలు బిగిస్తుంటే, పైనించి దబ్‌మని చప్పుడు. మర ఎగిరి పోయేది. ఒకరోజు ఒళ్ళు మండి తిట్టడానికి పైకెళ్ళాను. వెళ్ళినదాన్ని మూడు గంటలు కూర్చున్నాను. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషవుతారు. "నువ్వు తలుపు ముందు నిలబడ్డావు. లోపల ఏదో గుర్రు పెడుతోంది. ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అంటారు. ఏం చేస్తావో నీ ఇష్టం. చేసింది ఫలిస్తుందా లేదా అన్నది మాత్రం పాచిక చెబుతుంది. పెద్ద అంకె పడితే గట్టెక్కుతావు, చిన్నది పడితే నీ ఖర్మ.

లెక్కలొస్తాయి, చదవడమొస్తుంది అని చెప్పి నిన్ను ఒప్పించవచ్చు. అవీ వస్తాయి. నేను పంపింది అందుకు కాదు. ఒకళ్ళు మాట్లాడుతుంటే మిగతా నలుగురూ నోరు మూసుకుని వినడం ఆ గదిలో చూశాను. మన ఇంట్లో ఎప్పుడైనా చూశావా నువ్వు?

హాస్టల్ సంగతి దానితో చెప్పావా? చెప్పడం కాదు, అడిగావా? నాకు తెలుసు నువ్వేం చేసుంటావో. దరఖాస్తు బల్ల మీద పెట్టి, "సంతకం పెట్టే చోట గుర్తు పెట్టాను" అని ఉంటావు.

నిన్ను చూస్తే ఒళ్ళు మండిపోతున్న
నీ చెల్లెలు

*

ప్రియమైన చెల్లాయికి,

దరఖాస్తు బల్ల మీద పెట్టిన మాట నిజమే. గుర్తు పెట్టడంలో తప్పేముంది? పిల్ల తికమక పడకూడదని పెట్టాను.

అయితే నువ్వొక సంగతి వినాలి. పాచికలు లాక్కోవడం వల్ల ఎంత మేలు జరిగిందో! ఆ ఆట ఆగిపోయింది. ఇప్పుడు ఆదివారం ఆదివారం ముగ్గురు పిల్లలు మా ఇంటికొస్తున్నారు. ఒకమ్మాయి బేకరీ ఆవిడ కూతురు. ఇంకో ఇద్దరు పోస్ట్‌మ్యాన్ కవలలు, ఆడపిల్లలే, ఒకర్తి వాగుడుకాయ, ఒకర్తి మూగనోము. నలుగురూ గదిలో చేరి బుద్ధిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను దీపపు స్తంభంలా అక్కడే నిలబడనక్కర్లేదు కదా, వంటింట్లో నా పని నేను చేసుకుంటున్నాను.

ఇంకా విను. ఆ పిల్ల నాతో మాట్లాడుతోంది! గదిలోంచి కేకేస్తుంది, "నాన్నా, ఇరవై లోపు ఒక అంకె చెప్పు!" అని. నేను చెబుతాను. పదిహేడంటాను, నాలుగంటాను, నోటికేదొస్తే అది. ఒక్కోసారి లోపల్నించి చప్పట్లు, ఒక్కోసారి ఉసూరుమనడం. ఏదో లెక్కల పోటీ అయి ఉంటుంది. మొన్నొక ఆదివారం ముప్పై సార్లడిగింది. అది నన్ను ముప్పై సార్లు పిలిచి ఎన్నేళ్ళయిందో తెలుసా?

కాబట్టి పిల్లల్ని ఎలా పెంచాలో పిల్లల్లేని నువ్వు నాకు చెప్పకు.

నీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం షాపులో చదివి పగలబడి నవ్వితే, కళ్ళు చూపించుకోవడానికొచ్చిన పెద్దాయన భయపడి లేచి నిలబడ్డాడు. ఎందుకు నవ్వానో చెప్పను. కాస్త ఆలోచించి చెబుతూ ఉండు ఆ అంకెలేవో.

ఆఖరి వాక్యానికి మాత్రం నవ్వు రాలేదు. పిల్లల్లేని దాన్నే. కానీ నీ పిల్ల నిరుడు నాకు ఏం రాసిందో తెలుసా? "అత్తా, ఈ ఊళ్ళో ఎవరితోనూ స్నేహం చెయ్యను. మళ్ళీ వదిలేసి వెళ్ళాలిగా." నేను పెట్టె కొన్నది ఆ రోజే. నలుగురు కలిస్తే గానీ ఆడలేని ఆట కావాలని షాపువాడి ప్రాణం తీశాను.

ఇప్పుడు ముగ్గురు దొరికారు. ఇక నువ్వు దాన్ని హాస్టల్లో పడేస్తానంటున్నావు. ఆ దరఖాస్తు పంపావంటే జన్మలో నీ గుమ్మం తొక్కను. ఇది మాత్రం కోపంలో రాసింది కాదు.

నీ చెల్లెలు

*

చెల్లాయ్,

నన్నెంత మోసం చేశారే అందరూ కలిసి!

ఆదివారం కుళాయి వాషర్ మారుస్తున్నాను. అది అడిగింది. బదిలీకి ఇంకా రెండు వారాలే ఉందన్న ధ్యాసలో ఉండి "రెండు" అన్నాను. లోపల్నించి ఒకటే ఏడుపు! ఎవరికి ఏం తగిలిందోనని స్పానర్‌తో సహా పరిగెత్తాను. చూద్దును కదా, నలుగురూ కళ్ళు తుడుచుకుంటున్నారు. "ఏమైందే?" అంటే, "తాళాల తాత చచ్చిపోయాడు నాన్నా. కూలిపోయే వంతెన మీంచి దూకాడు. పది రావాలి. నువ్వు రెండన్నావు."

ఆ తాత ఎవరనుకున్నావు? ఆ మూగనోము పిల్ల ఎనిమిది వారాలుగా కథలో ఆడుతున్న మనిషి. కథ నడిపేది మన పిల్లే! పాచిక బదులు నేను! ఎనిమిది వారాలుగా వంటింట్లో నిలబడి, నాకు తెలియకుండా, మనుషుల్ని బతికిస్తూ చంపుతూ ఉన్నాను. "ఒక్క మాట చెబితే ప్రతిసారీ ఇరవై అనేవాణ్ణి కాదా?" అన్నాను. "అందుకే చెప్పలేదు అంకుల్" అంది ఆ వాగుడుకాయ.

"పొరపాటున అన్నానమ్మా, ఇరవై అనుకోండి" అని బతిమాలాను. స్పానర్ పట్టుకుని పిల్లల్ని బతిమాలాను! మన పిల్ల తలెత్తి చూసి, "కుదరదు నాన్నా. చెప్పింది చెప్పిందే. నువ్వూ అంతేగా" అంది. చెంప మీద కొట్టినట్టయింది. పాచికలు అప్పటికప్పుడు ఇచ్చేశాను. ఆ చావులు నా నెత్తికొద్దు.

వెళ్ళిపోబోతూ గుమ్మంలో నిలబడ్డాను. అది మూగనోము పిల్ల వైపు తిరిగి అడిగింది: "తాత పోయాడు. వంతెన లేదు. ఇప్పుడు నువ్వేం చేస్తావు?" ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. ఎవ్వరూ తొందరపెట్టలేదు. మనది కూడా ఎదురుచూస్తూ కూర్చుంది. ఇంత ఓపిక దానికెక్కడిదే? నా దగ్గర నేర్చుకోలేదు. ఐదు ఊళ్ళు మార్చాను, ఒక్కసారైనా దాన్ని ఆ మాట అడగలేదు. అడగాల్సింది నేనైతే, ఆ మాట నువ్వు పెట్టెలో పెట్టి పంపావు. నాకు నీ మీద కోపం అందుకే.

మర్నాడు పొద్దున్న దరఖాస్తు దాని ముందు పెట్టి అడిగాను. నోరు మూసుకుని కూర్చున్నాను, నా వాచీలో నాలుగు నిమిషాలు. "వద్దు నాన్నా, నీతోనే ఉంటా" అంటుందనుకున్నాను. ఏమందో తెలుసా? "హాస్టల్‌కి వెళ్తా నాన్నా. కానీ నువ్వు చెప్పిన చోటికి కాదు. ఈ ఊళ్ళోనే, మా స్కూలు హాస్టల్లో. నువ్వెళ్ళు. నేనింక ఎక్కడికీ రాను."

అరిచాను. నీ కోసమే కదా ఈ చాకిరీ అన్నాను, ఎవరు నేర్పారీ మాటలు అన్నాను, నిన్ను కూడా కలిపి తిట్టాను. అది అంతా విని, నిమ్మళంగా అడిగింది: "ఇప్పుడు నువ్వేం చేస్తావు నాన్నా?"

నన్ను వదిలేసి ఉండగలనన్న పిల్ల, చెల్లాయ్! నన్నా మాటతో నిలబెట్టేసింది. పొద్దున్నంతా లిఫ్టు పెట్టె నెత్తిన కూర్చుని తీగలు బిగిస్తూనే ఉన్నాను, ఒక్క తీగా కుదరలేదు. మధ్యాహ్నం మేనేజరు గదికెళ్ళి, బదిలీ వద్దన్నాను. "ప్రమోషన్ కూడా పోతుంది, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. "మీ అమ్మాయి వెళ్ళొద్దందా?" అన్నాడు. "వెళ్ళమంది సార్. నేనే వెళ్ళలేను" అన్నాను.

సాయంత్రం దానికి చెప్పాను. వినడమే ఆలస్యం, గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఇదేం పిల్లరా బాబూ అని మండిపడుతూ తలుపు కొట్టబోయాను. లోపల బేకరీ పిల్లతో ఫోన్లో, నాలుగిళ్ళకీ వినబడేలా చెబుతోంది: "మా నాన్న మేనేజరు బల్ల గుద్ది మరీ వెళ్ళనన్నాడే! కాగితాలన్నీ ఎగిరిపోయాయట!"

ఎంత అబద్ధమో చూడు! నేను బల్ల ముట్టుకోనైనా లేదు. తలుపు తీసి, అలా జరగలేదే అని చెబుదామని తలుపు పిడి మీద చెయ్యి వేశాను. అది ఆ బల్ల సంగతి రెండోసారి మొదలుపెట్టింది, ఈసారి ఇంకా గట్టిగా గుద్దాను. చెయ్యి తీసేసి అక్కడే నిలబడి విన్నాను.

నీ మీద కోపం తగ్గని
నీ అన్నయ్య