పదిహేను ముఖాలు

ఎవాగోన్ మామయ్యకు, నీ అక్క కొడుకు సిగ్గుపడుతూ రాస్తున్నది.

అమ్మ అంత్యక్రియలకు నువ్వు రాలేదని, నీకు నాటకాల ముసుగులే ఎక్కువయ్యాయని నలుగురిలో అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నాటకాల దేవుడు డయోనిసస్ పండగ ఉదయం నాటకంలో పాడుతూ ఆడే మా బృందంలో పదిహేనుమందికీ నువ్వు చేసి పంపిన ముసలితల్లి ముసుగులు పంచారు. ఎప్పటిలాగే అందరిదీ ఒకే ముఖం కదా అని సరిగ్గా చూడకుండానే తగిలించుకున్నాను. వేణువు మొదలైంది. అడుగు వేస్తూ వెనక్కి తిరిగేసరికి ఎదురుగా పద్నాలుగుమంది అమ్మలు. తిట్టబోయే ముందు ఎడమ కనుబొమ్మ ఎత్తేది చూడు, అచ్చం అలాగే. నా అడుగు తప్పింది.

ఆట అయ్యాక మా బృందనాయకుడు థెరోన్ పట్టుకున్నాడు.

"ఏరా, ఇన్ని నెలలు నేర్పింది ఇందుకేనా?"

"ఎదురుగా అమ్మ ఉందన్నా," అని చెప్పాను.

అతను తన ముసుగు తీసి తిప్పి చూసుకున్నాడు. "చిన్నప్పుడు అంజూరాలు దొంగిలిస్తే నా చెవి మెలేసింది ఈవిడేగా," అని ఊరుకున్నాడు.

రేపు ఈ ముసుగులన్నీ నాటకశాల పక్కనున్న దేవుడి గుడిలో వేలాడదీస్తారు. ఒకటి ఇంటికి అడుగుదామనుకుని మానుకున్నాను. అమ్మ మగ్గం వదిలి ఒక్క నాటకమైనా చూడని మనిషి. ఇకనుంచి ఏటా అక్కడే ఉండి చూస్తుంది. ఆ చోటు నువ్వు ఇప్పించావు, మామయ్యా.