చిలకల్ని తోలిన పాట

ఆస్టినాబాద్,
డిసెంబరు, 1978.

మావకి, రామలక్ష్మి దండాలు. ఇంట్లో అందరం కులాసా. అంత దూరపు దీవిలో, క్యాంబెల్ బే పవర్‌హౌస్‌లో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముకుని రాస్తున్నాను.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను, లేకపోతే ఈ సంబరంలో మర్చిపోతాను. పిల్లదానికి దగ్గు తగ్గింది. అత్త మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, నోరు మాత్రం దివ్యంగా ఉంది. వంటింటి రేకు మా జోగులన్న వచ్చి బిగించి వెళ్లాడు.

ఆ రికార్డుల పెట్టె సముద్రంలో పారేశావా అని ఈ ఉత్తరంలోనూ అడిగావు. పారెయ్యలేదు, కోప్పడకు. జెట్టీ బాయ్స్ అని పేరు పెట్టుకుని, మీ నలుగురూ కలకత్తా దాకా వెళ్లి, గిటార్లు మోగించి చేసుకొచ్చిన రికార్డులవి. కొన్నవాడు లేకపోతే మాత్రం, చేతులారా నీళ్లపాలు చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. తుష్నాబాద్‌లో అన్న పొలానికి పంపేశాను. చిలకలు వరి కంకులు కొట్టేస్తున్నాయని గోల పెడుతుంటే, వీటిని గాలంతాడుతో కర్రలకి కట్టుకోమన్నాను. గాలికి గిర్రున తిరిగి ఎండలో మెరుస్తుంటే ఒక్క చిలక వాలలేదట.

ఇక విను. మొన్న డెలానీపూర్‌లో పనికి వెళ్లడానికి తుష్నాబాద్ నుంచి వచ్చే బస్సెక్కాను. లోపల ఆడవాళ్లంతా కలిసి పాడుకుంటున్నారు. “ఓడొచ్చే రోజు పూలెట్టుకో...” అదే పాట మావా. నువ్వు నాకోసం కట్టిన పాట! ఎవరో నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. కానీ పిల్లల్ని నిద్రపుచ్చుతున్నట్టు ఎంత నెమ్మదిగా పాడుతున్నారో! ఎవరి పాట అని పక్కామెని అడిగాను.

“ఎవులిదో తెల్దు దీదీ. కోతల్లో అందరం ఇదే పాడతన్నాం” అంది.

ఆదివారం అన్న ఇంటికి పరిగెత్తాను. దేముడమ్మ వదిన నవ్వుతూ అంతా చెప్పింది. మిగతా రికార్డులు ఎండకి అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయట. ఒక్కటి మాత్రం సాపుగా ఉంటే తుడిచి, పక్కింటివాళ్ల బ్యాటరీల రికార్డు ప్లేయర్‌లో వేసి చూసింది. ఓడ ఆలస్యమై కొత్త బ్యాటరీలు రాలేదు. పాతవాటి నీరసానికి రికార్డు మెల్లగా తిరిగింది. ఊరు ఊరంతా పాట అలాగే నేర్చుకుంది!

నాకు మనసాగలేదు. మర్నాడు బస్సులో లేచి నిలబడి, మీ నలుగురూ పాడే వేగంలో పాడేశాను. నేను! కండక్టరు టికెట్ల సంచి మీద తాళం వేశాడు. నువ్వూ అప్పలరాముడూ గొంతులు విడదీసి ఒకరు పైన, ఒకరు కింద పాడే చోటుందే, అక్కడికొచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు రెండు జట్లయిపోయారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నువ్వు చూడాల్సింది.

ఇప్పుడు ఇంతసేపూ దాచిన సంగతి. జనవరి ఇరవయ్యారున తుష్నాబాద్ బడి మైదానంలో జెట్టీ బాయ్స్ పాడతారని ఊరివాళ్లతో ఒప్పేసుకున్నాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావు. అప్పలరాముడు వలలు సర్దుకుంటూ, “సత్తిగాడొస్తే నానూ డ్రమ్ములు దులుపుతాను. నేదంటే నేదు” అన్నాడు. అన్నవాడే సాయంత్రం మనింటికొచ్చి నీ గిటార్ పెట్టె తెరిపించాడు. తెగిన తీగ బదులు గాలానికి కట్టే, సుర్మాయి చేపలు కొరకలేని స్టీలు తీగ బిగించాడు, అప్పట్లో నువ్వు బిగించుకున్నట్టే.

గిటారు ఇక ముట్టనని ఒట్టు పెట్టుకుని ఓడెక్కావు. మీ పాట ఎవరికీ అక్కర్లేదనే కదా? మావా, ఇప్పుడు ఒక ఊరికి అక్కరొచ్చింది. ఆ పాట కట్టినవాడు నా మొగుడని వాళ్లకి చూపించాలని నాకు ఎంత ఆశగా ఉందో.

నువ్వు రాకపోతే బలవంతమేం లేదు. మైకు ముందు నేనే నిలబడతాను. వాళ్లు నేర్చుకున్నట్టే నెమ్మదిగా, సాగదీసి పాడి, ఇది మా సత్యారావు కట్టిన పాటేనని చెబుతాను. అది భరించగలిగితే అక్కడే ఉండు.

లేదంటే ఏ ఓడకొస్తావో రాయి. పూలు పెట్టుకుని జెట్టీ మీద ఉంటాను.

ఇట్లు,
నీ పెళ్లాం,
రామలక్ష్మి